రిస్క్ పంచుకుంటేనే భాగస్వామ్యం: రక్షణ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. విమానాలకు, క్షిపణులకు, ఇంజన్లకు విడిభాగాలు చేసే చిన్న యూనిట్‌ను హైదరాబాద్‌లో నడుపుతున్నాను. ప్రభుత్వ ల్యాబ్‌లకు డెవలప్‌మెంట్ జాబ్‌లు, అంటే కొత్త విడిభాగాలను మొదటిసారి తయారుచేసి చూసే పనులు, చేయడమే మా ప్రధానమైన పని. ప్రభుత్వమూ పరిశ్రమా కలిసి పరిశోధన చేయాలని మీ శాఖ ఈమధ్య గట్టిగా చెబుతోంది. ఆ మాట మాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. కానీ అది మా చేతికొచ్చే ఆర్డరు కాగితం దాకా ఇంకా చేరలేదు. కాగితంలో మేం ఇప్పటికీ సప్లయర్లమే. పరిశోధనలో ఉండే రిస్క్ మొత్తం మామీదే పడుతోంది. ఈ లేఖ దాని గురించే.

ఒక సంగతి చెబుతాను. ఓ ల్యాబ్ నుంచి మాకు టైటానియం బ్రాకెట్ డ్రాయింగ్ వచ్చింది. లోతైన పాకెట్లు (లోహంలో తొలిచే గుంటలు), పలుచటి గోడలు, మూలల్లో 3 మిల్లీమీటర్ల రేడియస్ (మూల వంపు). మూల అంత చిన్నగా ఉంటే కట్టర్ కూడా అంత సన్నగానే ఉండాలి. పాకెట్ లోతుగా ఉంది కాబట్టి ఆ సన్నటి కట్టర్‌ను పొడుగ్గా బిగించాలి. అలాంటి కట్టర్ టైటానియంలోకి దిగగానే వణకడం మొదలుపెడుతుంది. పైగా టైటానియం వేడిని తొందరగా లాక్కుపోదు, పుట్టిన వేడంతా టూల్ మొన మీదే నిలిచిపోతుంది. మొన కాస్తా అరిగిపోతుంది, గోడ మీద అలల్లాంటి గీతలు పడతాయి, ఫిక్స్చర్ (జాబ్‌ను బిగించి పట్టే అమరిక) విప్పగానే గోడ ఓ వెంట్రుకవాసి పక్కకు ఒరుగుతుంది. ఇన్‌స్పెక్షన్‌లో రిజెక్ట్. ఇలా జాబ్ వెనక జాబ్ స్క్రాప్‌లోకి పోయింది.

డిజైనర్‌తో ఒక్కసారి మాట్లాడదామంటే వీలుపడలేదు. టెక్నికల్ సందేహమైనా సరే పర్చేజ్ విభాగానికే రాయాలి, జవాబు కూడా అటునుంచే రావాలి. నెలల తర్వాత ఒక రివ్యూ మీటింగ్‌లో ఆయన ఎదురుపడ్డారు. సమస్య చెబితే డ్రాయింగ్ తిప్పి చూసి, “ఆ మూలలో లోడేమీ లేదండీ, 6 పెట్టుకున్నా ఫర్వాలేదు” అన్నారు. రేడియస్ పెరిగితే లావు కట్టర్ పడుతుంది, వణుకు తగ్గుతుంది. ఆ జాబ్ తర్వాత సాఫీగా నడిచింది. అయితే డ్రాయింగ్ అప్పటికే ఫ్రీజ్ అయింది, అంటే మార్చడానికి వీల్లేకుండా ఖరారైంది కాబట్టి, ఆ చిన్న మార్పుకు మళ్లీ ఆమోదాలన్నీ మొదటి నుంచి తిరగాల్సి వచ్చింది. ఆలస్యానికి ఎల్‌డీ (ఒప్పందంలోని ఆలస్యపు జరిమానా) కింద మా బిల్లులో కోత పడింది.

ఆ డిజైనర్‌ది తప్పని నేను అనను. ఆయన చాలా మంచి ఇంజనీరు. లెక్క ఆయనకు తెలుసు, మెషిన్ మాకు తెలుసు. డ్రాయింగ్ ఫ్రీజ్ కాకముందే ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పద్ధతి ఎక్కడా లేదు. పరిశోధనలో పరిశ్రమ భాగస్వామ్యం అంటే నా దృష్టిలో మొదట ఇదే. నిధులూ ఒప్పందాలూ ఆ తర్వాతి సంగతి.

కలిసి పనిచేస్తే ఏం సాధించగలమో మీ శాఖలోనే ఉదాహరణ ఉంది. జెట్ ఇంజన్‌లో గాలిని గట్టిగా నొక్కే హై ప్రెషర్ కంప్రెసర్ డిస్కులు టైటానియం మిశ్రలోహంతో చేస్తారు. మామూలు ఫోర్జింగ్‌లో, అంటే లోహాన్ని నొక్కి ఆకారం తెచ్చే పనిలో, వేడి లోహం చల్లటి డైకి (అచ్చుకి) తగలగానే బిగుసుకుంటుంది, అనుకున్నట్టు పారదు. అందుకే డైని కూడా దాదాపు లోహమంత వేడిమీద ఉంచి, నెమ్మదిగా నొక్కాలి. దీన్నే ఐసోథర్మల్ ఫోర్జింగ్ అంటారు. ప్రపంచంలో కొద్ది దేశాలకే చేతనైన పని. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ల్యాబ్ డీఎంఆర్‌ఎల్ తన 2000 టన్నుల ప్రెస్ మీద, ప్రత్యేక లోహాలు చేసే మిధానితో కలిసి, జాగ్వార్, హాక్ విమానాల్లో వాడే అడోర్ ఇంజన్ కోసం ఐదు స్టేజిల డిస్కులనూ సాధించింది. 200 ఫోర్జింగ్‌లు బెంగళూరులో విమానాలూ ఇంజన్లూ చేసే హెచ్‌ఏఎల్‌కు అందాయని 2021లో ప్రకటించారు. టెక్నాలజీని మిధానికి లైసెన్స్ మీద ఇచ్చారు కూడా.

అక్కడ ఏం జరిగిందో చూడండి. ప్రెస్ ల్యాబ్‌ది. రేపు తయారుచేయబోయేవాళ్లు ల్యాబ్‌తో కలిసి ఆ ప్రెస్ మీదే పనిచేశారు. కొనేవాళ్లు ఎవరో ముందే తెలుసు. టెక్నాలజీ ఫైల్లో మగ్గిపోకుండా ఇంజన్ దాకా చేరడానికి కారణం ఇదేనని నేను నమ్ముతున్నాను. కాకపోతే ఆ ముగ్గురూ ప్రభుత్వ సంస్థలే. ఇదే వెసులుబాటు యాభై మంది పనిచేసే ప్రైవేటు యూనిట్‌కు ఎందుకు దొరకకూడదు?

మన పరిశ్రమకు సత్తా లేక కాదు. గోద్రెజ్, మన బాలానగర్‌లోని ఎంటార్ దశాబ్దాలుగా ఇస్రోకు రాకెట్ ఇంజన్ల పని చేస్తున్నాయి. అయినా 1993లో మొదటిసారి పైకి లేచిన పీఎస్‌ఎల్‌వీని పూర్తిగా తయారుచేసే బాధ్యత పరిశ్రమకు దక్కింది 2022లో. హెచ్‌ఏఎల్, ఎల్ అండ్ టీ కలిసి 860 కోట్ల రూపాయలకు ఐదు రాకెట్లు చేసే ఒప్పందం అది. మంచి నిర్ణయమే, కానీ దానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. అదే ఏడాది నవంబర్ 18న హైదరాబాద్ కుర్రాళ్ల ప్రైవేటు కంపెనీ స్కైరూట్ తన విక్రమ్-ఎస్ రాకెట్‌ను శ్రీహరికోట నుంచి ఎగరేసింది. కంపెనీ పెట్టింది 2018లో. ఇస్రో తన టెస్ట్ సౌకర్యాలనూ లాంచ్‌ప్యాడ్‌నూ వాడుకోనిచ్చింది కాబట్టే అంత త్వరగా కుదిరింది. ఆ సౌకర్యాలు సొంతంగా కట్టుకోవాలంటే ఏ కుర్రాళ్ల వల్లా అయ్యేది కాదు.

టెస్టింగ్ దగ్గరే మా తల ప్రాణం తోకకు వస్తుంది మంత్రిగారూ. తేజస్ యుద్ధవిమానం కోసం మొదలుపెట్టిన కావేరి జెట్ ఇంజన్ చరిత్ర మీకు తెలియంది కాదు. 1989లో మంజూరైంది, 2008లో తేజస్ నుంచి వేరుచేశారు. 2010లో దాన్ని ఎగిరే విమానానికి అమర్చి పరీక్షించాలంటే రష్యాలోని గ్రోమోవ్ సంస్థకు తీసుకెళ్లి ఇల్యూషిన్-76 రవాణా విమానం రెక్క కింద బిగించాల్సి వచ్చింది. ఆ ఇంజన్ ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నింటినీ టెస్టింగ్ మీదకు నెట్టను. కానీ ఒక ప్రయోగం చేసి, ఫలితం చూసుకుని, దిద్దుకుని మళ్లీ చేయడానికి మధ్య ఎంత కాలం పడుతుందన్నదే ఇంజన్ పనిలో అన్నిటికంటే ముఖ్యం. దేశస్థాయి ప్రాజెక్టుకే అన్ని అవస్థలు ఉంటే మా సంగతి చెప్పేదేముంది. జాబ్ తయారై షెల్ఫ్‌లో ఉంటుంది. వైబ్రేషన్ టెస్టుకో, థర్మల్ టెస్టుకో స్లాట్ కోసం కాళ్లరిగేలా తిరగాలి. ల్యాబ్ సొంత ప్రాజెక్టులు అయ్యాక, మధ్యలో ఖాళీ దొరికితే మా వంతు. ఆ ఖాళీ ఎప్పుడొస్తుందో చెప్పగలిగేవారు ఉండరు. మెషిన్ లోన్ ఈఎంఐ మాత్రం ప్రతి నెలా అదే తేదీకి వస్తుంది.

టెస్టింగ్ సౌకర్యాల కోసం 2020లో మీ శాఖ 400 కోట్లతో డీటీఐఎస్ (రక్షణ పరీక్షల మౌలిక సదుపాయాల) పథకం పెట్టి, ఖర్చులో 75 శాతం దాకా ప్రభుత్వమే గ్రాంటుగా ఇస్తామంది. కొత్తవి కట్టడం మంచిదే. దాంతోపాటు ఉన్నవాటిని తెరవండి. ప్రతి ల్యాబ్‌లో ఏ టెస్ట్ రిగ్ (పరీక్షా యంత్రం) ఉంది, రోజుకు ఫీజెంత, వచ్చే ఆరు నెలల్లో ఏ తేదీలు ఖాళీ అన్నది ఒకే క్యాలెండర్‌లో అందరికీ కనబడాలి. నెలలో కొన్ని రోజులు బయటివాళ్లకే కేటాయించాలి. రహస్యమైన ప్రాజెక్టుల వివరాలు ఎవరూ అడగడం లేదు. ఖాళీ తేదీలు చెబితే చాలు.

ఇక డబ్బు. టీడీఎఫ్ (టెక్నాలజీ అభివృద్ధి నిధి) కింద ఒక్కో ప్రాజెక్టుకు ఇచ్చే సాయాన్ని 10 కోట్ల నుంచి 50 కోట్లకు పెంచారు, ఖర్చులో 90 శాతం దాకా భరిస్తున్నారు. స్టార్టప్‌లకు సాయమిచ్చే ఐడెక్స్ పథకం వల్ల ఎందరో కొత్తవాళ్లు ఈ రంగంలోకి వచ్చారు. ఇవి నిజంగా మేలు చేసిన పథకాలు. అయితే ఈ పథకాల దాకా రాని చిన్న డెవలప్‌మెంట్ పనులు ల్యాబ్‌లలో బోలెడు. వాటిని మామూలు పర్చేజ్ ఆర్డరుగానే ఇస్తారు. ఇంతవరకు ఎవరూ చేయని వస్తువుకు ముందే ధర చెప్పాలి, తేదీ చెప్పాలి, ట్రయల్స్‌లో పోయిన మెటీరియల్ మేమే పెట్టుకోవాలి, ఆలస్యమైతే కోత.

నాసా 2006లో అంతరిక్ష కేంద్రానికి సరుకు చేరవేసే వాహనాల కోసం కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంది. పనిని మైలురాళ్లుగా విడగొట్టి, ఒక్కోటి చేరితే దాని డబ్బు చెల్లించింది. మొదట ఎంచుకున్న రెండు కంపెనీల్లో రాకెట్‌ప్లేన్ కిస్లర్ పెట్టుబడి తెచ్చుకోలేక మధ్యలో ఆగిపోయింది. 2007లో నాసా ఆ ఒప్పందాన్ని ముగించింది. అప్పటికి 207 మిలియన్ డాలర్లలో చెల్లించింది దాదాపు 32 మిలియన్లే. మిగిలినదానికి మళ్లీ పోటీ పెట్టి 2008లో ఆర్బిటల్ సైన్సెస్‌ను తీసుకుంది. మొదట ఎంచుకున్న ఇద్దరిలో మిగిలిన కంపెనీ స్పేస్‌ఎక్స్. దాని డ్రాగన్ 2012 మే నెలలో అంతరిక్ష కేంద్రానికి చేరింది. ఒకరు విఫలమైనా కార్యక్రమం విఫలం కాలేదు, ప్రభుత్వ సొమ్మంతా మునిగిపోలేదు.

మన ల్యాబ్ డైరెక్టర్లకు ఇది తెలియదా? తెలుసు. వాళ్లకున్న టెన్షన్ వేరు. ఫలితం రాని పనికి డబ్బు చెల్లిస్తే రేపు ఆడిట్ అభ్యంతరం వస్తుంది, రిటైరయ్యాక కూడా వివరణలు రాసుకోవాలి. అందుకని నిజాయతీపరుడైన అధికారి కూడా రిస్క్‌ను కిందికి నెట్టేస్తాడు. కింద ఉండేది మేమే. దీన్ని మార్చగలిగింది ల్యాబ్ కాదు, మీరు. ముందే ఒప్పుకున్న మైలురాయి దాకా నిజాయతీగా పనిచేసి, ఆపై ఫలితం రాకపోతే దాన్ని పరిశోధన ఫలితంగానే నమోదు చేయాలని, ఆ చెల్లింపుకు అధికారిని వ్యక్తిగతంగా బాధ్యుణ్ని చేయకూడదని ఆర్థిక శాఖతో, కాగ్‌తో మాట్లాడి లిఖితపూర్వకంగా ఇప్పించండి. మోసం చేసినవాణ్ని ఎలాగూ వదలొద్దు. ప్రయోగం ఫలించని వాణ్నీ మోసగాణ్నీ ఒకే గాటన కట్టొద్దు.

ఇంతకంటే ఎక్కువ నొప్పించేది ఇంకోటుంది. ఎలాగో తంటాలు పడి జాబ్ సాధిస్తాం. ప్రాసెస్ షీట్, ఫిక్స్చర్ డిజైన్, ఏ స్పీడుకు ఏ టూల్ అన్నదీ మొత్తం ల్యాబ్‌కు అప్పజెబుతాం. తర్వాత బ్యాచ్ ఆర్డరుకు బహిరంగ టెండరు పిలుస్తారు. డెవలప్‌మెంట్ మీద ఒక్క రూపాయి పెట్టనివాడు మాకంటే తక్కువ కోట్ చేసి ఎల్‌వన్ (అతి తక్కువ ధర చెప్పినవాడు) అయి ఆర్డరు పట్టుకుపోతాడు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టే ఇది. ఒకసారి ఇలా దెబ్బతిన్న యూనిట్ రెండోసారి కొత్త పనికి చెయ్యి చాపదు, నలిగిన దారిలో ఆటోమొబైల్ జాబ్‌లు చేసుకుంటూ ఉండిపోతుంది. అలా వెళ్లిపోయిన మంచి పనివాళ్లు నాకు తెలుసు.

పోటీ లేకపోతే ధరలు పెరుగుతాయన్న మాటలో నిజముంది. అందుకే శాశ్వతమైన గుత్తాధిపత్యం ఇమ్మని అడగడం లేదు. పెద్ద వ్యవస్థలకు డీఆర్‌డీవో ఇప్పటికే డెవలప్‌మెంట్ కమ్ ప్రొడక్షన్ పార్ట్‌నర్ పద్ధతి పెట్టింది. అభివృద్ధి దశలోనే కంపెనీని ఎంచుకుని, ఉత్పత్తిలోనూ దాన్నే నిలబెడుతోంది. అదే సూత్రాన్ని బ్రాకెట్, వాల్వ్, బ్లేడ్ చేసే స్థాయికి దించండి. మొదటి బ్యాచ్ డెవలప్ చేసినవాడికే, ఖర్చు లెక్కలు తనిఖీ చేసి మరీ ఇవ్వండి. రెండో బ్యాచ్ నుంచి ఇంకొకరిని తెచ్చుకోండి, మాకు అభ్యంతరం లేదు. చెల్లింపులు 45 రోజుల్లో జరగాలని 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ఎలాగూ చెబుతోంది.

2022 బడ్జెట్‌లో రక్షణ పరిశోధన నిధుల్లో 25 శాతం పరిశ్రమకూ స్టార్టప్‌లకూ విద్యాసంస్థలకూ అన్నారు. అందులో చిన్న యూనిట్లకు ఎంత చేరింది, పరిశోధన ఏ దశలో చేరింది అన్నది ఏటా విడిగా లెక్కకట్టి ప్రజల ముందుంచండి. 2025లో కేబినెట్ ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన నిధి మీ శాఖది కాదు. అందులో వచ్చేది ప్రధానంగా తక్కువ వడ్డీకి అప్పు. బ్రాకెట్ స్థాయి ట్రయల్స్‌కు అది అక్కరకొస్తుందని నేను అనుకోను.

అన్నీ ఒక్కసారే చేయమని కాదు. ఒక ల్యాబ్‌లో మొదలుపెట్టండి. డీఎంఆర్‌ఎల్ అయినా, బెంగళూరులోని జెట్ ఇంజన్ల ల్యాబ్ జీటీఆర్‌ఈ అయినా సరే. డ్రాయింగ్ ఫ్రీజ్ కాకముందు తయారుచేసేవాళ్లను పిలిచి మాట్లాడమని ఒక సర్క్యులర్, దాని టెస్ట్ రిగ్‌ల క్యాలెండర్ ఒకటి, ఈ రెండింటికీ కొత్తగా బడ్జెట్ అక్కర్లేదు. మా వంతు కూడా చెబుతాను. అలా పిలిచిన జాబ్‌లకు ట్రయల్స్‌లో మెషిన్ టైమ్, లేబర్ మా యూనిట్ భరిస్తుంది. మెటీరియల్, టెస్టింగ్ ల్యాబ్ భరించాలి. ఈ షరతు మీద సంతకం పెట్టడానికి నేను సిద్ధం. నాలాగే సిద్ధంగా ఉన్న యూనిట్లు బాలానగర్‌లో, జీడిమెట్లలో, బెంగళూరు పీణ్యాలో ఉన్నాయి. కబురు చేస్తే వస్తాం.

ఇట్లు,
విమాన విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న యూనిట్ యజమాని,
హైదరాబాద్