గేటు దగ్గర కూడా కొన్ని టికెట్లు ఉంచండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పేరున్న మ్యూజియాలకు వెళ్లేవాళ్లు ముందే ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్ బుక్ చేసుకుంటే ఇక ఏ ఇబ్బందీ ఉండదని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో సగం మాటతో నాకు పేచీ లేదు. మిగతా సగం గురించి చెప్పుకోవాలనే ఈ లేఖ రాస్తున్నాను.

నేను 30 ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పాఠంలో చెప్పిన చోటును ఒక్కసారైనా కళ్లారా చూడాలన్న కోరిక నాకు మొదటి నుంచీ ఉంది. ఆ మధ్య మా అమ్మాయి పుణ్యమా అని ఒక ప్రసిద్ధ చరిత్ర మ్యూజియం చూసే అవకాశం వచ్చింది. టికెట్ల కోసం అమ్మాయి పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. అమ్మకం మొదలయ్యే వేళకు తను ఫోన్ పట్టుకుని, అల్లుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. మీ ముందు ఇంకా ఇన్ని వేల మంది ఉన్నారని తెర మీద అంకె కనిపిస్తోంది. అది తగ్గుతుంటే ఇంట్లో అందరికీ పరీక్ష ఫలితాల రోజంత టెన్షన్. తీరా వంతు వచ్చాక ఓటీపీ రాలేదు, మళ్లీ మొదటికి వెళ్లాల్సి వచ్చింది. చివరికి సాయంత్రం స్లాట్ ఒకటి దొరికింది.

మేం వెళ్లిన రోజు గేటు దగ్గర మా ముందు ఒక వృద్ధ దంపతులు నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో కర్ర, ఆవిడ చేతిలో బటన్ల ఫోన్. టికెట్లు కొందామని ఆవిడ పర్సు తీసింది. ఇక్కడ అమ్మం, వెబ్‌సైట్‌లోనే కొనాలి, అందులో కూడా ఇప్పట్లో ఖాళీ లేదు అని గేటు దగ్గర కుర్రాడు చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు, అతని తప్పేమీ లేదు. ఆవిడ మళ్లీ అడిగింది, ఈసారి ఇంకా నెమ్మదిగా, తన మాట అతనికి సరిగా అర్థం కాలేదేమో అన్నట్టు. అదే జవాబు వచ్చింది. ఇద్దరూ పక్కకు జరిగి మాకు దారి ఇచ్చారు.

లోపలికి వెళ్లి చూస్తే మా స్లాట్‌లో రావాల్సినవాళ్లందరూ రాలేదు. ఆడియో గైడ్లు ఇచ్చే బల్ల మీద మా గుంపు కోసం తీసిపెట్టినవి కొన్ని అలాగే మిగిలిపోయాయి. అక్కడ పనిచేసే ఆవిడను అడిగాను. బుక్ చేసుకుని రానివాళ్లు రోజూ ఉంటారనీ, ఆ టికెట్లు మళ్లీ ఎవరికీ ఇచ్చే వీలు లేదనీ చెప్పింది. అంటే లోపల జాగా ఉంది, గేటు బయట మనుషులు ఉన్నారు, అయినా లోపలికి రానివ్వలేరు. ఆ పూట చూసిన వస్తువుల్లో కొన్ని ఇప్పటికే మర్చిపోయాను కానీ, ఆవిడ పర్సు మూసుకుని పక్కకు జరగడం మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

స్లాట్లు వద్దనడం లేదు. చరిత్ర చదువుకున్నవాళ్లెవరూ ఆ మాట అనలేరు. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ సంగతే చూడండి. ఆదిమానవులు దాని గోడల మీద వేసిన, వేల ఏళ్లు చెక్కుచెదరని బొమ్మలు 1940లో బయటపడ్డాయి. 1948లో జనానికి గుహ తెరిచారు. రోజుకు 1,200 మంది దాకా వచ్చేవారు. వాళ్ల ఊపిరిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు, ఒంటి వేడి చాలు, గోడల మీద పచ్చటి నాచు పట్టడం మొదలైంది. 15 ఏళ్లకే, 1963లో, గుహను మూసేయాల్సి వచ్చింది. ఇప్పుడు వెళ్లినవాళ్లు చూసేది పక్కన కట్టిన నకలునే. ఎవరూ గోడను గోకలేదు, ఎవరూ దొంగతనం చేయలేదు. చూడ్డానికి వచ్చి ఊపిరి పీల్చుకున్నారంతే. ఇటలీలోని మిలాన్‌లో లియొనార్డో డావిన్చీ గోడ మీద గీసిన కడరా విందు (లాస్ట్ సప్పర్) చిత్రం దగ్గర ఒక చిన్న గుంపును 15 నిమిషాలు మాత్రమే ఉండనిస్తారంటే కారణం అదే.

ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ నాజీలకు దొరక్కుండా దాక్కున్న ఇల్లు మరో రకం. 1942 జులై నుంచి 1944 ఆగస్టు దాకా 8 మంది బయటి ప్రపంచానికి తెలియకుండా బతికిన ఇరుకు గదులవి, నిటారుగా ఉండే మెట్లు. 1960లో మ్యూజియంగా తెరిచిన ఆ ఇంటికి ఇప్పుడు ఏడాదికి పది లక్షలకు పైగా జనం వస్తున్నారు. గది పెంచుదామంటే కుదరదు. ఆ ఇరుకే అక్కడ చూడాల్సింది. అలాంటి చోట వేళల ప్రకారం కొద్దికొద్దిమందినే పంపడం తప్ప దారి లేదు. పారిస్‌లోని అంత పెద్ద లూవ్ర్ మ్యూజియానికే 2018లో కోటి మంది దాటి వచ్చేసరికి ఊపిరాడలేదు. మరుసటి ఏడాది మే నెలలో, ఈ రద్దీ మా వల్ల కాదని సిబ్బంది పని ఆపేశారు. తర్వాత రోజుకు 30,000 మందికి మించకుండా పరిమితి పెట్టుకున్నారు.

కాబట్టి లెక్క ఉండాల్సిందే, వేళ ఉండాల్సిందే. నేను అనేది ఒక్కటే. స్లాట్ వేరు, ఆన్‌లైన్ వేరు. ఎంతమందిని ఏ వేళకు పంపాలన్నది మ్యూజియాన్ని కాపాడుకోవడానికి పెట్టుకున్న నియమం. ఆ టికెట్ ఎక్కడ, ఎవరికి అమ్మాలన్నది వేరే నిర్ణయం. ఈ రెండూ ఒకటే అన్నట్టు చెబుతున్నారు కనుకే, స్మార్ట్‌ఫోన్, కార్డు, ఈమెయిల్ లేనివాళ్లు ఏ తప్పూ చేయకుండానే బయట ఉండిపోతున్నారు.

గేటు దగ్గర టికెట్లు ఇస్తే మళ్లీ మైళ్ల కొద్దీ క్యూలు తయారవుతాయని కొందరు అంటారు. అవుతాయని నేను అనుకోవడం లేదు. పొద్దున కౌంటర్ తెరిచినప్పుడు, మీకు మధ్యాహ్నం 2 గంటలకు ప్రవేశం అని వేళ రాసిన చీటీ చేతికిస్తే, ఆ మనిషి ఎక్కడో కూర్చుని టీ తాగి తిరిగి వస్తాడు. నిలబడాల్సిన పనేముంది? స్లాట్ల గొప్పతనమే అది. టికెట్లు అయిపోతే అయిపోయాయని పొద్దున్నే తెలిసిపోతుంది, ఆశ పెట్టుకుని సాయంత్రం దాకా ఎండలో ఉండక్కర్లేదు.

ఇది నా ఊహేమీ కాదు. పెరూలో కొండ మీద ఉన్న ఇంకాల పాత నగరం మచు పిచ్చుకు రోజుకు ఇంతమందేనన్న కట్టడి ఉంది, వేళలూ ఉన్నాయి. అయినా రోజూ 1,000 టికెట్లు కొండ కింద ఊళ్లో, మనిషి స్వయంగా వచ్చి కొనుక్కునేలా విడిగా ఉంచుతున్నారు. వాషింగ్టన్‌లో ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్ర, సంస్కృతి మ్యూజియం 2016 సెప్టెంబరులో తెరిచినప్పుడు ప్రవేశం ఉచితమే అయినా జనాన్ని తట్టుకోలేక వేళలు వేసిన పాసులు పెట్టారు. అవి నెలల ముందే అయిపోయేవి. 2018 ఏప్రిల్‌లో వాళ్లు బుధవారాలు పాసు లేకుండా వచ్చినవాళ్లను లోపలికి పంపి చూశారు. అంత రద్దీ ఉన్న మ్యూజియం కూడా నేరుగా నడిచి వచ్చేవాళ్ల కోసం వారంలో ఒక రోజు కేటాయించిందంటే, మిగతావాళ్లు ఎందుకు ఆలోచించకూడదు?

ఇక దళారుల సంగతి. అమ్మకం మొదలైన నిమిషాల్లో టికెట్లు ఎలా మాయమవుతాయని మా అమ్మాయి అడిగేది. ఇటలీలో పోటీ నియంత్రణ సంస్థ ఆ ప్రశ్నకే జవాబు వెతికింది. రోమ్‌లోని ప్రాచీన క్రీడాస్థలి కొలోసియం టికెట్లను కొన్ని టూర్ సంస్థలు ఆటోమేటిక్ ప్రోగ్రాములతో మూకుమ్మడిగా కొని, టూర్ ప్యాకేజీలకు కలిపి ఎక్కువ ధరకు అమ్మారని తేల్చింది. ఆ పద్ధతిని అరికట్టలేదని టికెట్లు అమ్మే సంస్థను కూడా తప్పుపట్టింది. 2025లో అందరికీ కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా వేసింది. అంతకుముందే, 2023 అక్టోబరులో, కొలోసియం టికెట్ మీద కొన్నవాళ్ల పేరు వేయడం మొదలుపెట్టారు. పోలండ్‌లో నాజీల నిర్బంధ శిబిరం ఉన్న చోట వెలసిన ఆష్విట్జ్ స్మారకానికి ప్రవేశ రుసుం లేదు, కానీ ప్రవేశ కార్డు మీద మాత్రం పేరు ఉంటుంది. ఇది మంచి పద్ధతి. చరిత్ర చూడ్డానికి బ్లాక్‌లో టికెట్ కొనాల్సిన గతి ఎవరికీ పట్టకూడదు.

అయితే పేరు వేసిన టికెట్‌తో ఒక చిక్కు ఉంది. జ్వరం వచ్చో, రైలు తప్పిపోయో రాలేకపోతే ఆ టికెట్ పక్కింటివాళ్లకు ఇవ్వడానికి వీల్లేదు. అందుకే వెనక్కి ఇచ్చే దారి సులువుగా ఉండాలి. ఒక్క మెసేజ్ చాలాలి. డబ్బు పూర్తిగా కాకపోయినా కొంతైనా తిరిగి వస్తుందంటే జనం ముందే చెబుతారు. ఏమీ రాదని తెలిస్తే ఎవరు పట్టించుకుంటారు? వెనక్కి వచ్చిన టికెట్లను, స్లాట్ మొదలై 15 నిమిషాలైనా మనిషి రాని టికెట్లను గేటు దగ్గర వేచి ఉన్నవాళ్లకు ఇవ్వొచ్చు. లోపల ఉన్న జనం పెరగరు. గోడలకు తగిలే ఊపిరి పెరగదు.

మ్యూజియాలు నడిపేవాళ్లను నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి స్లాట్‌లో పదో వంతు టికెట్లు గేటు దగ్గర కౌంటర్‌కు ఉంచండి. అందులోనూ వృద్ధులకు, దివ్యాంగులకు ముందు అవకాశం ఇవ్వండి. ఆన్‌లైన్ అమ్మకం ఏ రోజు, ఏ గంటకు మొదలవుతుందో ముందుగా చెప్పండి. ఇంటర్నెట్ వాడనివాళ్లు బుక్ చేసుకోవడానికి ఒక ఫోన్ నంబర్ పెట్టి, అవతల మాట్లాడటానికి ఒక మనిషిని కూర్చోబెట్టండి. బడి పిల్లల బృందాల కోసం టీచర్లు ఆ నంబర్‌కే ఫోన్ చేసుకుంటారు. 40 మంది పిల్లలకు ఒకే స్లాట్ దొరకడం ఎంత కష్టమో టీచర్లకు తెలుసు.

మీ వ్యాసం కింద బుక్ చేసుకునే పద్ధతిని వివరంగా ఇచ్చారు, అది చాలామందికి పనికొస్తుంది. ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు, ఆన్‌లైన్ కాకుండా నేరుగా వెళ్తే టికెట్ ఎక్కడ దొరుకుతుందో, అసలు దొరుకుతుందో లేదో కూడా రాయండి. ఆ వృద్ధ దంపతులకు ఆ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే, కర్ర పట్టుకుని అంత దూరం వచ్చేవారు కాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయిని