జింక్ బిళ్లలు కొనే ముందు

ఎడిటర్ గారికి,

నెల్లూరు, ఒంగోలు మందుల షాపుల్లో మగవాళ్లు డాక్టరు చీటీ లేకుండానే జింక్ బిళ్లలు అడిగి కొంటున్నారు. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పెరుగుతుందని జిమ్ముల్లో చెబుతున్నారట. జింక్ నిజంగా లోపించినవాళ్లకే ఆ మాట వర్తిస్తుంది.

మన దేశంలో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ 1961లో ఇరాన్‌లో ఎదుగుదల ఆగిపోయి, యుక్తవయసు లక్షణాలు రాని కుర్రాళ్ల గురించి రాశారు. దానికి జింక్ లోపం కారణమని తర్వాత ఈజిప్టులో తేల్చారు. 1996లో ఆయన బృందం ఆరోగ్యంగా ఉన్న యువకులకు 20 వారాలు జింక్ తగ్గించిన తిండి పెడితే, లీటరు రక్తంలో టెస్టోస్టిరాన్ 39.9 నుంచి 10.6 నానోమోల్స్‌కు పడిపోయింది. జింక్ సరిపడా ఉన్నవాడు ఇంకా మింగితే అదే లెక్కన పెరుగుతుందని దీనర్థం కాదు.

అట్ట మీద అంకె కూడా సరిగా చదవాలి. జింక్ సల్ఫేట్ 220 మి.గ్రా. అని ఉంటే అందులో అసలు జింక్ 50 మి.గ్రా. పెద్దలకు రోజుకు గరిష్ఠ పరిమితి 40. డాక్టరు చూడకుండా నెలల తరబడి అంతకు మించి వాడితే పేగుల్లో రాగి (కాపర్ అనే ఖనిజం) ఒంటికి పట్టదు. రక్తహీనత వస్తుంది, కాళ్లు తిమ్మిరెక్కి నడక తూలుతుంది. ఆ నరాల దెబ్బ ఒక్కోసారి పూర్తిగా కోలుకోదు.

మగవాళ్లకు రోజుకు 17 మి.గ్రా. జింక్ కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది. పాలిష్ బియ్యం వంద గ్రాముల్లో సుమారు 1.2 మాత్రమే ఉంటుంది. చేపల పులుసు రోజూ తింటున్నాం కదా అనుకోవద్దు, చాలా రకాల చేపల్లో జింక్ తక్కువే. పీతలు, మాంసం నయం. శాకాహారులకు నువ్వులు, ప్రకాశం జిల్లాలో దండిగా పండే శనగలు ఉన్నాయి. శనగల్లోని ఫైటేట్ అనే పదార్థం జింక్‌ను ఒంటికి అందకుండా పట్టేసుకుంటుంది కాబట్టి రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మొలకలొచ్చాక ఉడికించాలి. పులిసిన దోసెల పిండిలోనూ ఫైటేట్ తగ్గుతుంది.

అనుమానం ఉంటే ముందు పరీక్ష చేయించుకోండి. టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. అందుకే పరగడుపున, 7 నుంచి 10 గంటల లోపు రక్తం ఇవ్వాలి. తక్కువొస్తే మరో రోజు మళ్లీ చూడాలి. జ్వరంలో చేయిస్తే జింక్, హార్మోన్ రెండూ తప్పుగా తక్కువ చూపిస్తాయి. పొట్ట, షుగరు, మద్యం, నిద్రలేమి కూడా టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తాయి. వాటికి జింక్ మందు కాదు. జిమ్ముల్లో వేసే హార్మోన్ ఇంజెక్షన్లయితే వీర్యకణాల తయారీనే ఆపేస్తాయి. పిల్లలు కావాలనుకునే కుర్రాళ్లు వాటి జోలికి అసలు పోకూడదు.

ల్యాబుల వాళ్లకు ఒక మనవి: సాయంత్రం ఐదింటికి వచ్చినవాడి దగ్గర ఈ పరీక్షకు రక్తం తీయకండి. పొద్దున్నే రమ్మనండి, రిపోర్టు మీద రక్తం తీసిన టైము వేయండి.

ఇట్లు,
ఒక పోషకాహార శాస్త్ర అధ్యాపకుడు, కావలి