మూడోసారి అప్పు కట్టలేదు

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ రమ్మీ అప్పుల్లో కూరుకుపోయిన పిల్లల గురించి చదివినప్పుడల్లా వాళ్ల తల్లిదండ్రులే నా కళ్ల ముందు మెదులుతారు. నేనూ అలాంటి తండ్రినే. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఆ ఆటలో పడ్డాడు. 2022లో సంగతి బయటపడితే నా రిటైర్మెంటు డబ్బులోంచి రూ.2,40,000 కట్టాను. మరుసటి ఏడు మా ఆవిడ గాజులు అమ్మి కట్టాం. మా చర్చి సంఘంలో పరువు పోతుందని రెండుసార్లూ ఎవరికీ చెప్పలేదు. వాడు ఏడ్చాడు, ఒట్టు పెట్టాడు, మళ్లీ ఆడాడు.

2024లో ఒక రాత్రి ఫోను చేసి, "నాన్నా, ఇదే ఆఖరు" అన్నాడు. ఆ రాత్రి బైబిల్లో గలతీ పత్రిక ఆరో అధ్యాయం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒకరి భారం ఒకరు మోయమంటుంది రెండో వచనం. ఎవరి బరువు వారే మోసుకోవాలంటుంది ఐదో వచనం. ఇన్నేళ్లూ నా చెవికి మొదటిదే ఎక్కింది. తెల్లవారాక, కట్టనని చెప్పాను. చెప్పి, రైలెక్కి వెళ్లి వాణ్ణి ఇంటికి తెచ్చుకున్నాను.

వంటింట్లో చాప వేసుకుని ఇద్దరం కూర్చున్నాం. నోటు పుస్తకం వాడి చేతికిచ్చాను. ఎవరికెంత ఇవ్వాలో వాడే రాయాలి. ఏడో పద్దు దగ్గర పెన్ను ఆగిపోయింది. అది వాడి స్నేహితుడు తల్లి ఆపరేషనుకని దాచుకున్న డబ్బు. నేనేమీ అనలేదు. బైబిల్లో సర్వం పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అదొక్కటే. మా ఆవిడ పెట్టిన టీ చల్లారిపోయాక వాడు మళ్లీ రాశాడు. మొత్తం పదకొండు పద్దులు.

ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు కండక్టరుగా చేశాను. డిపోలో లెక్క తగ్గితే నా జేబులోంచే కట్టేవాణ్ణి. మర్నాడు చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆ జాగ్రత్త నా కొడుక్కి రాకుండా అడ్డుపడింది నేనే. యేసు చెప్పిన కథలో, తప్పిపోయిన కుమారుణ్ణి దూరాన చూసి తండ్రి పరుగెత్తాడు గానీ, ఆస్తి తగలేసుకుని వాడు పందులు మేపే చోటికి డబ్బు మూట పంపలేదు.

అయితే లోన్ యాప్‌ల వాళ్లు ఫొటోలు మార్చి బెదిరిస్తున్నా, పిల్లవాడు చచ్చిపోతానంటున్నా, ఎవరి బరువు వారిదేనని ఊరుకోకండి. వాణ్ణి క్షణం కూడా ఒంటరిగా వదలకండి. బెదిరింపులకు సైబర్ నేరాల నంబరు 1930, మనసు చెదిరితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీమానస్ 14416 ఉన్నాయి. వాడితోపాటు మీరూ కూర్చుని ఫోను చేయించండి.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఎంతో సంతోషం. పాత అప్పులు మాత్రం ఇళ్లల్లో అలాగే ఉన్నాయి. సంఘ పెద్దలకు నా మనవి: చందాలు పోగుచేసి అప్పు తీర్చి, మర్నాడే ఆ పిల్లవాడి చేత చర్చిలో సాక్ష్యం చెప్పించకండి. మీలో ఒకరు వారానికో సాయంత్రం వాడి పక్కన కూర్చోండి. అన్నం పెట్టండి, వాడి అప్పుల పుస్తకం చూడండి.

మావాడు ఇప్పుడు ఇక్కడే మందుల షాపులో పనిచేస్తూ నెలనెలా కట్టుకుంటున్నాడు. ఐదు పద్దులు కొట్టేశాడు. మొట్టమొదట కొట్టేసింది ఆ ఏడో పద్దునే.

– ఒక రిటైర్డ్ కండక్టరు, బాపట్ల