నాఖుదా చేతిలోని కాగితం: కేంద్ర నౌకాయాన మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఓడరేవులు, నౌకాయానం, జలమార్గాల శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

నేను కాకినాడ వాణ్ణి. సరుకు ఓడల్లో చీఫ్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. గుజరాత్‌లోని లోథాల్ దగ్గర మీ శాఖ నిర్మిస్తున్న జాతీయ సముద్ర వారసత్వ సముదాయంలో 14 గ్యాలరీలు వస్తాయని తెలిసినప్పటి నుంచి ఒక విషయం మీ దృష్టికి తేవాలని ఉంది. కచ్, కొంకణ్, మలబారు తీరాల వర్తకం గురించి చెప్పేవారెవరూ అరబ్బు ఓడను దాటిపోలేరు కాబట్టి, ఆ గ్యాలరీల్లో ఎక్కడో ఒకచోట దానికి స్థానం దొరుకుతుందని నమ్ముతున్నాను. ఓడ వస్తే దాన్ని నడిపే కెప్టెన్ నాఖుదా వస్తాడు, నాఖుదాతో పాటు అతని నడుముకున్న ఖంజరు అనే వంకర బాకు, ఓడలోని కత్తులు, తుపాకులు కూడా అద్దాల పెట్టెల్లోకి వస్తాయి. ఆ పెట్టెల కింద మీ వాళ్లు ఏం రాయబోతున్నారన్నదే నా ఆందోళన.

ముందుగా నా అనుభవం ఒకటి చెప్పనివ్వండి. ఓడ ఏ రేవుకు చేరినా అధికారుల ముందు పెట్టాల్సిన కాగితాల కట్టలో సిబ్బంది జాబితా, సామాన్ల జాబితాలతో పాటు ఆయుధాలు, మందుగుండు జాబితా కూడా ఉంటుంది. మా ఓడల్లో తుపాకులు ఉండవు కాబట్టి అక్కడ 'నిల్' అని రాసి, కెప్టెన్ సంతకం పెట్టించి, ముద్ర కొట్టేవాళ్లం. ఒకసారి గల్ఫ్‌లోని ఒక రేవులో తనిఖీకి వచ్చిన అధికారి బ్రిడ్జి మీది అల్మారా తెరిపించి, ఇంకో ఓడ మీదికి తాడు విసరడానికి వాడే పిస్తోలును బయటికి తీశాడు. "ఇది తుపాకి కాదా?" అన్నాడు. "కాదు, ఓడ సామాను" అన్నాను. అతను దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, గొట్టంలోకి తొంగి చూసి, నా కాగితం నాకే తిరిగి ఇచ్చాడు. 'నిల్' కొట్టేసి 'ఒకటి' అని రాసి, మళ్లీ కెప్టెన్‌ను నిద్ర లేపి సంతకం పెట్టించాను. ఒకే వస్తువు ఓడ సామాను ఎప్పుడవుతుందో, ఆయుధం ఎప్పుడవుతుందో తేల్చేది ఆ వస్తువు కాదని, దాన్ని చూసేవాడి హోదా అని ఆ రోజు అర్థమైంది. ఆ చిరాకుతోనే ఈ జాబితా ఎప్పటిదో వెతకడం మొదలుపెట్టాను.

వెతుకుతూ పోతే 1820 దగ్గర తేలాను. అంతకు ముందు ఏడాది చివర్లో బొంబాయి నుంచి వెళ్లిన బ్రిటిషు సేన మేజర్ జనరల్ విలియం గ్రాంట్ కీర్ నాయకత్వంలో గల్ఫ్ తీరంలోని రస్ అల్ ఖైమాను పట్టుకుని, ఆ తీరపు రేవుల్లో ఓడలను తగలబెట్టింది. 1820 జనవరి 8న అక్కడే ఒక సంధి రాయించి, ఆ తీరపు షేకుల చేత ఒక్కొక్కరుగా సంతకాలు పెట్టించింది. దాన్నే సాధారణ సముద్ర సంధి అంటారు. దాని మూడో నిబంధన జెండా గురించి: సంధికి ఒప్పుకున్న అరబ్బులు తెల్ల అంచు మధ్యలో ఎర్ర గుడ్డ ఉన్న జెండా ఎగరేయాలి. షార్జా, రస్ అల్ ఖైమా ఎమిరేట్ల జెండాల్లో ఈనాటికీ ఆ తెలుపు, ఆ ఎరుపు కనిపిస్తాయి. నేను ఆగిపోయింది మాత్రం ఐదో నిబంధన దగ్గర. దాని ప్రకారం ప్రతి ఓడలోనూ షేకు సంతకంతో రెండు కాగితాలు ఉండాలి. ఒకటి రిజిస్టరు: ఓడ పేరు, పొడవు, వెడల్పు, ఎన్ని 'కారా'ల (ఆనాటి సరుకు కొలత) సరుకు పడుతుందన్న లెక్క. రెండోది మేము పోర్ట్ క్లియరెన్సు అనే కాగితం: యజమాని పేరు, నాఖుదా పేరు, మనుషులెందరు, ఆయుధాలెన్ని, ఏ రేవు నుంచి ఎప్పుడు బయలుదేరింది, ఏ రేవుకు పోతోంది. సముద్రంలో బ్రిటిషు ఓడ గానీ మరో ఓడ గానీ ఎదురైతే ఈ రెండూ తీసి చూపాలి.

మంత్రిగారూ, ఆ వరస చూడగానే నా కట్టలోని కాగితాలే గుర్తొచ్చాయి. రెండు వందల ఏళ్ల కిందటి నాఖుదా, నేను దాదాపు ఒకే గడులు నింపాం.

ఒక్కొక్క షేకుతో ముందుగా విడివిడిగా రాయించుకున్న ఒడంబడికల్లో బురుజులు, ఫిరంగులు అప్పగించమన్న మాట నిజమే. అందరికీ కలిపి రాసిన సంధిలో మాత్రం నావికుడు ఆయుధం వదిలేయాలని ఎక్కడా లేదు, ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పాలని మాత్రమే ఉంది. అంతేకాదు, ఈ జెండా ఎగరేసే ఓడలు బ్రిటిషు రేవులన్నిటికీ వచ్చి అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు అని అదే సంధి హామీ ఇచ్చింది. బస్రా ఖర్జూరం తెచ్చి బొంబాయిలో దించి, కాలికట్టు దాకా పోయి టేకు కలప ఎక్కించుకుని, నైరుతి గాలులు ముదరకముందే ఇల్లు చేరాలనుకునే నాఖుదాకు ఆ కాగితం రేవులోకి టిక్కెట్టు లాంటిది. ఓడ నడిపినవాడిగా చెబుతున్నాను, ఆయుధాల లెక్క రాసి పెట్టమనడంలో తప్పేమీ లేదు, నేనే ఆ స్థానంలో ఉన్నా అదే అడిగేవాణ్ణి. తప్పల్లా కాగితం ఎవరు చూపాలి, ఎవరు చూడాలి అన్న దగ్గర ఉంది. వరసగా ఫిరంగులు బిగించుకుని అదే సముద్రంలో తిరిగిన ఈస్టిండియా కంపెనీ ఓడ తన ఫిరంగుల లెక్క ఏ షేకుకూ చూపనక్కర లేదు. నాఖుదా దారిలో ఒక తుపాకి అమ్మినా, కొన్నా, కాగితంలోని అంకెకూ ఓడలోని అంకెకూ పొంతన కుదరదు, ఆ తేడా చాలు అతన్ని నిలదీయడానికి.

రస్ అల్ ఖైమా, షార్జాలను ఏలిన ఖాసిమీలు బ్రిటిషువారు అన్నట్టు సముద్రపు దొంగలేనా, లేక తమ నీళ్లలో తమ హక్కు నిలబెట్టుకోవడానికి పోరాడినవారా అన్న దానిపై చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, షార్జా పాలకుల కుటుంబమైతే దొంగలన్న మాటను ఒప్పుకోదు. ఆ వాదన తీర్చడం మీ పనీ కాదు, నా పనీ కాదు. అది తేలకుండానే మీ పెట్టె కింద 'సముద్రపు దొంగల ఆయుధాలు' అని రాయించవద్దని మాత్రమే నా మనవి.

మన దేశపు చట్టంలోకి వస్తే సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1878 నాటి భారత ఆయుధాల చట్టం కత్తిని, బాకును, బల్లేన్ని, చివరికి విల్లంబులను కూడా ఆయుధాల్లో చేర్చింది. అదే చట్టం మొదటి సెక్షన్లో సముద్రం మీద తిరిగే ఓడల్లో వాటి మామూలు ఆయుధ సామగ్రిలో భాగంగా ఉన్నవాటికి ఈ చట్టం వర్తించదని మినహాయింపు ఇచ్చింది. ఆ 'మామూలు' అన్న మాటలోనే చిక్కంతా ఉంది. పెద్ద స్టీమరుకు ఏది మామూలో అందరికీ తెలుసు, పాతిక మంది ఖలాసీలతో ఒమాన్‌లోని సూర్ నుంచో కువైట్ నుంచో వచ్చిన తెరచాప ఓడకు ఏది మామూలు? ఓడలో వేలాడదీసిన నాలుగు కత్తులు ఓడ సామానే అనుకుందాం, నాఖుదా నడుముకున్న ఖంజరు ఓడదా, మనిషిదా? ఒమాన్‌లో అది మగవాడి వేషంలో భాగం, పెళ్లికీ పండుగకీ పెట్టుకునేది. దాంతోనే అతను బొంబాయి రేవులో మెట్లు దిగితే ఓడకిచ్చిన మినహాయింపు అక్కడితో సరి, ఆపైన లైసెన్సు కావాలి, లేదా ప్రభుత్వం వేరుగా ఇచ్చే మినహాయింపు కావాలి.

ఇది పాత కథే కదా అనుకోకండి. 1878 చట్టం స్థానంలో వచ్చిన 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ దాదాపు అదే మాటను నిలుపుకుంది. 2013 అక్టోబరులో తూత్తుకుడి తీరంలో పట్టుబడిన సీమన్ గార్డ్ ఓహియో ఓడ కేసు మీ శాఖకు గుర్తుండే ఉంటుంది. ఓడలకు కాపలా కాసే సాయుధులు, నావికులు కలిపి 35 మంది అరెస్టయ్యారు. వారి తుపాకులు ఆ మినహాయింపు కిందికి వస్తాయా అన్నది కోర్టుల్లో వాదనకు వచ్చింది. 2016 జనవరిలో ఐదేళ్ల శిక్ష పడింది, 2017 నవంబరులో మద్రాసు హైకోర్టు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. అంత పెద్ద లాయర్లు ఇన్నేళ్లు వాదించుకున్న ప్రశ్నకు ఆనాటి నాఖుదా రేవు మెట్ల మీద నిలబడి ఒక్కడే జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది.

1890లో బ్రస్సెల్స్‌లో యూరప్ రాజ్యాలు ముందుండి కుదుర్చుకున్న ఒప్పందం ఇంకో మెట్టు ఎక్కింది. బానిస వ్యాపారాన్ని అణచడం దాని లక్ష్యం, దానితో ఎవరికీ పేచీ ఉండదు. అయితే తనిఖీ హక్కును 500 టన్నుల లోపు ఓడలకే పరిమితం చేసి, 'స్థానిక ఓడ' అంటే ఏమిటో కూడా నిర్వచించింది: చూడటానికి స్థానిక పద్ధతిలో కట్టినట్టు ఉన్నా సరే, సిబ్బందిలో ఎక్కువ మంది హిందూ మహాసముద్రం, ఎర్ర సముద్రం, పర్షియన్ గల్ఫ్ తీర దేశాలవారైనా సరే. ఆకారం చూసి, మనుషుల ఊరు చూసి ఓడను అనుమానించే అధికారం అది. సూర్ నాఖుదాలు కొందరు తనిఖీ తప్పించుకోవడానికి ఫ్రెంచి జెండా ఎగరేస్తే ఆ తగాదా హేగ్ న్యాయస్థానం దాకా పోయి 1905లో తీర్పు వచ్చింది. మస్కట్ నుంచి మక్రాన్ తీరం మీదుగా అఫ్గాన్ వైపు తుపాకులు నిజంగానే పోయాయి, దాన్ని దాచిపెట్టి ఆ నావికులను అమాయకులుగా చూపమని నేను అడగడం లేదు. 1910 డిసెంబరులో దుబాయిలో బ్రిటిషు నావికులు ఆయుధాల కోసం ఇళ్లు సోదా చేయబోతే కాల్పులు జరిగి ఇరువైపులా మనుషులు చనిపోయారు, 1912లో మస్కట్‌లో ఆయుధాలన్నిటినీ ఒకే గిడ్డంగిలో పెట్టించారు. కానీ ఆ రైఫిళ్లు యూరప్ కార్ఖానాల్లో తయారై, యూరప్ వ్యాపారుల చేతుల మీదుగా మస్కట్ చేరాయన్న వాక్యం కూడా అదే పెట్టె కింద ఉండాలి.

ఇందులో మా తెలుగువారికేం పని అంటారేమో. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి ఓడెక్కి వచ్చి నిజాం కొలువులో సిపాయిలుగా చేరిన అరబ్బుల సంతతి హైదరాబాదు బార్కాస్‌లో నేటికీ ఉంది. హైదరాబాదులో జమేదారుగా సంపాదించిన డబ్బుతో కుఅయితీ వంశం హద్రమౌత్‌లో రాజ్యమే కట్టుకుంది. వారి వంకర బాకు జంబియా కూడా ఓడలోనే వచ్చింది.

ఇక నేను కోరేది చెబుతాను. గల్ఫ్ వ్యవహారాలు చూసిన బ్రిటిషు ప్రతినిధి కార్యాలయం, అంటే బుషైర్ రెసిడెన్సీ, 1873 దాకా బొంబాయి ప్రభుత్వం కింద, ఆ తర్వాత 1947 దాకా భారత ప్రభుత్వం కింద నడిచింది. కాబట్టి ఈ ఓడలు, ఆయుధాల ఉత్తర ప్రత్యుత్తరాలు మన రికార్డులు కూడా. లండన్‌లోని ఇండియా ఆఫీసు కాగితాలను ఖతార్ వారు 2014 నుంచి ఇంటర్నెట్‌లో ఎవరికైనా చూపిస్తున్నారు. ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లో, ముంబయి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్న మన వైపు కాగితాలను సాంస్కృతిక శాఖతో, మహారాష్ట్ర ప్రభుత్వంతో మాట్లాడి వెలికి తీయించండి. వాటిలో ఒక పోర్ట్ క్లియరెన్సు గానీ దాని నకలు గానీ దొరికితే లోథాల్‌లో ఖంజరు పక్కన పెట్టించి, 'ఆయుధాలెన్ని' అన్న గడి సందర్శకులకు కనిపించేలా గుజరాతీలోనూ తెలుగులోనూ సహా మన భాషల్లో దాని అనువాదం రాయించండి. అదే కాలపు కంపెనీ ఓడ ఒకదాని ఫిరంగుల సంఖ్యను ఆ కాగితం పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో పెట్టించండి. నకలు దొరకకపోతే 1820 సంధి ఐదో నిబంధననైనా పూర్తిగా అచ్చు వేయించండి, అది నాలుగు వాక్యాలకు మించదు. గ్యాలరీల రాతప్రతులు ఖరారు చేసే ముందు మాకు పంపిస్తే, ఓడ కాగితాల వరకు చూసి పెట్టడానికి నా వంటి రిటైరైన నావికులు ఈ తీరంలో చాలామంది ఉన్నారు, ప్రయాణ ఖర్చులు కూడా అడగరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత నౌకాధికారి,
కాకినాడ