ముందు సస్పెన్షన్ కిట్‌తో పంపిన సూచనల పత్రంలోని ప్రమాదకరమైన తప్పుపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

నమస్కారం.

విషయం: ట్రయంఫ్ హెరాల్డ్ కారు ట్రునియన్లకు (ముందు చక్రాల కింది కీళ్లకు) గ్రీజు పట్టించమన్న మీ సూచన, దానివల్ల పాడైన భాగాలు, వారంటీ నిరాకరణ.

పది నెలల క్రితం నా 1965 నాటి ట్రయంఫ్ హెరాల్డ్ 1200 కారు కోసం మీ సంస్థ నుండి ముందు సస్పెన్షన్ కిట్ ఒకటి తెప్పించుకున్నాను. అందులో రెండు ఇత్తడి ట్రునియన్లు, వాటిలోకి మరలతో దిగి చక్రాన్ని మోసే రెండు ఉక్కు నిలువు లింకులు, పై బాల్ జాయింట్లు, విష్‌బోన్లకు (చక్రాన్ని కారు చట్రానికి కలిపే చేతులకు) రబ్బరు బుష్‌లు, కొత్త బోల్టులు, వీటితో పాటు నాలుగు పేజీల సూచనల పత్రం ఉన్నాయి. ఆ పత్రంలో చెప్పినట్లే అన్నీ బిగించాను, చెప్పినట్లే గ్రీజు పట్టించాను. ఈ రోజున ఆ రెండు లింకులూ కారుకు పెట్టడానికి పనికిరావు. వారంటీ కింద మార్చి ఇమ్మని అడిగితే ‘నిర్వహణ లోపం’ అంటూ మీ విభాగం నా అభ్యర్థనను తోసిపుచ్చింది. ఆ నిర్వహణను నాకు చెప్పింది మీ పత్రమే కనుక ఈ లేఖ రాయవలసి వచ్చింది.

పాత భాగాలు మార్చక తప్పని స్థితికే వచ్చాయి. కారును జాకీ మీద లేపి, ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు చేతికి తెలిసేది. బుష్‌ల రబ్బరు పిండినట్లు బయటికి వచ్చేసింది. టైర్లు లోపలి అంచున అరిగిపోయాయి. ఇది మా నాన్నగారు నడిపిన కారు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నదీ దీని మీదే. అందుకే దొరికినవాటిలో చవకైనది చూడకుండా, పూర్తి కిట్ ఇస్తామన్న మీ దగ్గర కొన్నాను. మీరు పంపిన లోహపు భాగాల్లో నాకు లోపం కనబడలేదని కూడా ఇక్కడే చెప్పాలి. కుడి మర, ఎడమ మర ట్రునియన్లను ఏ వైపువి ఆ వైపుకు సరిగానే గుర్తు పెట్టి పంపారు, కొత్త లింకు కొత్త ట్రునియన్‌లో ఏమాత్రం ఊగకుండా దిగింది. తప్పంతా పత్రం మూడో పేజీలోని ఒక్క వాక్యంలో ఉంది: ‘ట్రునియన్ నిండేవరకు గ్రీజు పట్టించండి.’

ఈ కారును తయారుచేసిన సంస్థ తన హ్యాండ్‌బుక్‌లో అక్కడ గ్రీజు వాడమని చెప్పలేదు, హైపాయిడ్ 90 గేర్ ఆయిల్ వాడమని చెప్పింది. దానికి కారణం ఆ భాగం పనిచేసే తీరులోనే ఉంది. హెరాల్డ్‌లో పైన బాల్ జాయింట్ ఉన్నా, కింద లేదు, అక్కడ ఆ పని ట్రునియనే చేస్తుంది. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ నిలువు లింకు, స్క్రూ తిరిగినట్లు, ట్రునియన్ మరలలో తిరుగుతుంది. 25 అడుగుల వృత్తంలో మలుపు తిరగగల కారు కాబట్టి ఆ మరలు తిరిగే కోణం కూడా చాలా ఎక్కువ. పైగా ముందు చక్రం మోసే బరువు ఆ మరల మీదుగానే కింది విష్‌బోన్‌కు, అక్కడి నుండి స్ప్రింగుకు చేరుతుంది. ట్రునియన్ ఒక చిన్న గిన్నెలాగా నూనెను నిలుపుకుంటుంది, ఆ నూనె మరల సందుల్లో పాకి పైదాకా తడుపుతుంది. గ్రీజు అలా పాకదు. పెట్టిన చోట ముద్దగా నిలిచి క్రమంగా గట్టిపడుతుంది, పై మరలు ఎండిపోతాయి, సీలు సందులోంచి దిగిన వాననీరు ఉక్కును తినడం మొదలుపెడుతుంది.

నా కారులో జరిగింది అక్షరాలా ఇదే. ఎనిమిది నెలలు, సుమారు 4,000 కిలోమీటర్లు తిరిగాక స్టీరింగ్ బరువెక్కింది, మలుపు తిరిగాక చక్రాలు వాటంతట అవి నేరుగా రావడం మానేశాయి. చక్రం విప్పి, ట్రునియన్ బోల్టు లాగి, లింకును చేత్తో తిప్పబోతే అది గరగరలాడుతూ సగం చుట్టు తిరిగి పట్టేసింది. బలవంతంగా విప్పి చూస్తే, గ్రీజు ఎక్కించే రంధ్రం దగ్గర నల్లటి ముద్ద ఉంది తప్ప, పైన సీలు కింది మరలకు జిడ్డు కూడా అంటలేదు. అక్కడ ఉన్నదల్లా గోధుమరంగు తుప్పు పొడి. కిరోసిన్‌తో కడిగి బ్రష్‌తో రుద్దాక మరల అడుగున సన్నని గుంతలు బయటపడ్డాయి, వాటి మీద గోరు జరిపితే తట్టుకుంటోంది. పగులు పుట్టేది అలాంటి గుంతల్లోంచే. లింకు అక్కడ విరిగితే చక్రం విష్‌బోన్ నుండి విడిపోయి, కారు ఆ మూల నేలకు ఒరుగుతుంది. విప్పడానికి రెండు రోజుల ముందే నేను నా కుటుంబాన్ని అదే కారులో హైవే మీద తీసుకువెళ్లి వచ్చాను. ఆ లింకును చేతిలో పట్టుకున్నప్పుడు నాకు ఆ ప్రయాణమే గుర్తుకు వచ్చింది.

అదే పత్రంలో, విష్‌బోన్ బుష్‌ల బోల్టులను కారు జాకీ మీద ఉండగానే పూర్తిగా బిగించమని కూడా ఉంది. బోల్టు బిగిస్తే బుష్ లోపలి గొట్టం కదలకుండా పట్టుకుంటుంది. కారు చక్రాల మీద నిలిచి బరువు పడ్డాక బిగించకపోతే, రబ్బరు రోజంతా మెలిపడిన స్థితిలోనే ఉండి త్వరగా చీలుతుంది. నా కారులోని నాలుగు బుష్‌లు ఇప్పటికే చీలాయి. ఇది లింకు విషయమంత ప్రాణాపాయం కాదు గానీ, ఆ పత్రాన్ని ఈ పని తెలిసినవారెవరూ చదవకుండానే అచ్చువేశారనడానికి ఇదీ ఒక నిదర్శనం.

మీ విభాగానికి నేను పంపిన మొదటి ఉత్తరంలో మూడో పేజీ ఫొటోను, లింకు మరల ఫొటోలను జతచేశాను. జవాబు రాసినవారు వాటిలో దేన్నీ ప్రస్తావించలేదు. గ్రీజు వాడినందువల్ల వారంటీ వర్తించదని రాశారు. అంటే అక్కడ గ్రీజు వాడకూడదని మీ సంస్థలో తెలిసినవారు ఉన్నారన్నమాట. నన్ను అన్నిటికన్నా బాధించింది అదే. తెలిసిన విషయాన్ని పత్రంలో ఎందుకు దిద్దలేదు? 1962 నుండి 1980 వరకు తయారైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌లోనూ ఇదే తరహా ట్రునియన్ ఉంది, మీ పెట్టె మీద ఆ కారు పేరు కూడా అచ్చై ఉంది. ఆ పత్రాన్ని నమ్మి గ్రీజు పట్టించి, ఏమీ తెలియకుండా తిరుగుతున్నవారు నేనొక్కడినే అయి ఉండను.

కాబట్టి పాడైన రెండు నిలువు లింకులను, రెండు ట్రునియన్లను, నాలుగు బుష్‌లను ఖర్చు లేకుండా మార్చి ఇవ్వవలసిందిగానూ, మళ్లీ చేయించవలసిన వీల్ అలైన్‌మెంట్ ఖర్చును భరించవలసిందిగానూ కోరుతున్నాను. వీటికన్నా ముఖ్యంగా, ఈ కిట్ కొన్న ప్రతి ఒక్కరికీ నేరుగా ఉత్తరం రాసి, ట్రునియన్లు విప్పి లింకులను పరీక్షించుకోమనీ, గ్రీజును పూర్తిగా కడిగి గేర్ ఆయిల్ నింపుకోమనీ తెలియజేయాలి. పత్రాన్ని దిద్దేవరకు కిట్ అమ్మకాన్ని ఆపాలి. భాగాల విషయంలో కొంత ఆలస్యమైనా నేను ఓర్చుకోగలను, ఈ హెచ్చరిక విషయంలో మాత్రం ఓర్చుకోలేను.

విప్పిన భాగాలను, ఒక్కొక్కటి ఏ వైపుదో చీటీ కట్టి భద్రపరిచాను. మీ ఇంజనీరు వచ్చి చూస్తానంటే చూపిస్తాను. ఒక లింకును మాత్రమే కడిగాను, రెండోది తుప్పుతో సహా అలాగే ఉంది. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకమైన సమాధానం రాకపోతే, మూడో పేజీ ప్రతితో సహా ఈ ఫిర్యాదును వినియోగదారుల కమిషన్ ముందు ఉంచుతాను. అప్పటివరకు కారు స్టాండ్ల మీదే ఉంటుంది.

ఇట్లు,
మీ కిట్ కొనుగోలుదారు

జతపరిచినవి: కొనుగోలు రసీదు ప్రతి, సూచనల పత్రం మూడో పేజీ ప్రతి, లింకుల ఫొటోలు, మీ విభాగం ఇచ్చిన జవాబు ప్రతి.