వాన డ్రమ్ములకు పాత ఎలక్ట్రానిక్స్: ఈ సీజన్‌లో ఏవి బిగిస్తాం, ఏవి వెనక్కి పంపుతాం

విశాఖలో మా దగ్గర వాననీటి డ్రమ్ములు పెట్టించుకున్నవాళ్లకూ, జూన్ వానలు మొదలయ్యేలోపు పెట్టించుకోవాలనుకుంటున్నవాళ్లకూ ఈ కబురు. ‘ఇంట్లో పాత వాషింగ్ మెషీన్ ఉంది, ల్యాప్‌టాప్ ఉంది, పాడైన ఆర్వో ఉంది, వాటితోనే మొక్కలకు నీళ్లు వాటంతటవే వెళ్లేలా చేస్తారా’ అని చాలామంది అడుగుతున్నారు. చేస్తాం. కానీ మీరు తెచ్చే సామానులో చాలా భాగం వెనక్కి పంపేస్తాం. ఏది పంపుతామో, ఎందుకు పంపుతామో ముందే తెలిస్తే మీకు మోత తప్పుతుంది.

మేం దాటని గీత ఒకటుంది. 24 వోల్టులకు మించిన కరెంటు డాబా మీద తడి చోటికి రాదు. ఎవరు ఎంత అడిగినా ఇందులో మార్పు లేదు.

అందుకే అన్నిటికంటే మాకు ఇష్టమైన పాత సామాను ఆర్వో ఫిల్టరు. మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) పోయిందనో, బాడీ పగిలిందనో పక్కన పడేసిన ఆర్వోలో మనకు కావలసినవి నాలుగూ ఉంటాయి: 24 వోల్టుల బూస్టర్ పంపు, 24 వోల్టుల అడాప్టరు, సొలెనాయిడ్ వాల్వు (కరెంటు ఉన్నంతసేపే నీటి దారి తెరిచేది), ట్యాంకులోని ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టాన్ని బట్టి ఆన్, ఆఫ్ అయ్యేది). నాలుగూ ఒకే వోల్టేజీ మీద నడిచేవే, ఒకదానికొకటి సరిపోయేవే.

పంపును ఇంట్లోనే పరీక్షించవచ్చు. బకెట్లో నీళ్లు పెట్టి, అవతలి గొట్టాన్ని లీటరు సీసాలో ఉంచండి. నిమిషం, నిమిషంపావు లోపు నిండితే పనికొస్తుంది. రెండు నిమిషాలు పడితే లోపల డయాఫ్రమ్ అనే రబ్బరు పొర సాగిపోయినట్టు, తేవద్దు. నిమిషానికి లీటరు తక్కువేమీ కాదు. చుక్కచుక్కగా గంటకు 2 లీటర్లిచ్చే డ్రిప్పర్లు 30 పెడితే గంటకు 60 లీటర్లు, అంటే సరిగ్గా అంతే. రోజూ పొద్దున్న 20 నిమిషాలు నడిస్తే 20 లీటర్లు. డాబా మీద ముప్పై కుండీలకు ఎండాకాలంలో తప్ప అంతకుమించి అక్కర్లేదు.

సొలెనాయిడ్ వాల్వు ఎందుకని కొందరు తీసేయమంటారు. తీయకూడదు. డ్రమ్ము ఎత్తులో, కుండీలు కింద ఉన్నప్పుడు పంపు ఆగినా నీళ్లు పంపు గుండానే జారుతూ పోతాయి, తెల్లారేసరికి డ్రమ్ము ఖాళీ. వాల్వు కరెంటు తీగలను పంపు తీగలతో సమాంతరంగా కలిపితే పంపు ఆగగానే అదీ మూసుకుంటుంది. ఆర్వోలో వాల్వు పంపుకు ముందుంటుంది, మేం తర్వాత పెడతాం. డ్రమ్ము నీళ్లకు ఒత్తిడి తక్కువ కాబట్టి పంపు తోసే ఒత్తిడితో వాల్వు బాగా తెరుచుకుంటుంది. బాడీ మీది బాణం గుర్తు నీరు పారే వైపే ఉండాలి.

ఫ్లోట్ స్విచ్‌ను డ్రమ్ము అడుగు నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో బిగిస్తాం. నీళ్లు అంతకంటే తగ్గితే పంపు ఆగుతుంది, అడుగు బురద పైకి రాదు. స్విచ్ పని తిరగబడితే తేలే ముక్కను తీసి బోర్లించి పెడితే చాలు. అయితే పంపు కరెంటు మొత్తాన్ని ఆ స్విచ్ గుండా పంపకూడదు. లోపల ఉండేది సన్నటి రీడ్ స్విచ్, మోటారు ఆగేటప్పుడు పుట్టే నిప్పురవ్వకు దాని కొనలు అతుక్కుపోతాయి. అతుక్కుంటే పంపు ఆగదు, పొడిగా తిరిగి కాలిపోతుంది. అందుకే మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెడతాం. పాత స్టెబిలైజరులో రెండు మూడు రిలేలుంటాయి, వాటిలో 24 అని రాసి ఉన్నది తీసుకుంటాం. రిలే కాయిల్‌కు ఒకటి, మోటారుకు ఒకటి, కరెంటును ఒకే వైపు పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ వేస్తాం, తెల్ల గీత ప్లస్ వైపుండాలి. ఈ రెండు డయోడ్లు మాత్రం కొత్తవే.

అడాప్టరు ఇంటి లోపలే ఉంటుంది, మామూలు ప్లగ్ టైమరుకు తగిలిస్తాం. పైకి వెళ్లేది 24 వోల్టుల వైరు మాత్రమే. 20 మీటర్ల దూరానికి 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే ఒక ఆంపియర్ దగ్గర పోయేది సుమారు ఒక వోల్టు. పాత టెలిఫోన్ వైరు వేస్తే మూడు నాలుగు వోల్టులు దారిలోనే పోతాయి, పంపు మూలుగుతుంది తప్ప నీళ్లు తోయదు.

ఇక వెనక్కి పంపేవి. వాషింగ్ మెషీన్ ఇన్‌లెట్ వాల్వు 230 వోల్టులది. పైగా కుళాయి ఒత్తిడి ఉంటేనే అది తెరుచుకుంటుంది. డ్రమ్ములో మీటరు ఎత్తు నీళ్లిచ్చేది 0.1 బార్ మాత్రమే, దానికి ఆ వాల్వు కదలదు. అదే మెషీన్‌లోని డ్రెయిన్ పంపు బాగానే తోడుతుంది, కానీ అదీ 230 వోల్టులే, డాబాకు పనికిరాదు. ఎల్ఈడీ బల్బు లోపలి డ్రైవరు బోర్డును అడాప్టరుగా వాడొచ్చా అని అడిగేవాళ్లకు గట్టిగా చెబుతున్నాం: వద్దు. చాలా బల్బుల్లో ఆ బోర్డుకూ మెయిన్స్‌కూ మధ్య విడదీత ఉండదు, తీగ ముట్టుకుంటే మెయిన్స్‌ను ముట్టుకున్నట్టే. ల్యాప్‌టాప్ బ్యాటరీ సెల్స్ ఎండలో వేడెక్కే పెట్టెలో ఉండదగినవి కావు. మైక్రోవేవ్‌ను విప్పను కూడా విప్పకండి, ప్లగ్ తీసేసినా దాని కెపాసిటరులో ప్రాణం తీసేంత చార్జి మిగిలి ఉండొచ్చు.

మన ఊళ్లో వైరింగ్‌కు అసలు శత్రువు వాన కాదు, ఉప్పుగాలి. లాసన్స్ బే, బీచ్ రోడ్డు, భీమిలి వైపు ఇళ్లలో పచ్చగా చిలుముపట్టే జాయింటు పెందుర్తిలో నిగనిగలాడుతూ ఉంటుంది. అందుకే తీరం వైపు ఇళ్లకు మెలితిప్పి టేపు చుట్టే జాయింట్లు ఇక వేయం. ప్రతి జాయింటూ సోల్డర్ చేసి, పైన వేడికి ముడుచుకుని పట్టేసే హీట్ ష్రింక్ ట్యూబు వేసి, రిలే బోర్డు కింది వైపు రెండు పూతలు లక్క వార్నిష్ పూస్తాం. పెట్టెకు రంధ్రాలు కింది వైపే. వైరు పెట్టెలోకి ఎక్కే ముందు కిందికి వంగి రావాలి, లేకపోతే వాన నీరు దాని వెంటే లోపలికి నడుస్తుంది. సందులు మూయడానికి సిలికాన్ మీరే కొంటే వెనిగర్ వాసన వచ్చేది కొనకండి. ఆరేటప్పుడు అందులోంచి వెలువడే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అడగండి.

నీళ్లు మురికిగా వస్తే ఇవేవీ నిలవవు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. 50 చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్లు పడితే, పోయేది పోగా 800 లీటర్లు, అంటే 200 లీటర్ల డ్రమ్ములు నాలుగు. ఆ డాబాకు మొదటి అర మిల్లీమీటరు, అంటే 25 లీటర్లు, దుమ్ముతో సహా పక్కకు పోవాలి. నాలుగంగుళాల పీవీసీ పైపు మీటరుకు ఎనిమిదిన్నర లీటర్ల పైచిలుకు పడుతుంది, కాబట్టి ఆ మొదటి నీళ్లను పట్టి ఉంచడానికి మూడు మీటర్ల నిలువు పైపు సరిపోతుంది. దాని అడుగున 3 మిల్లీమీటర్ల రంధ్రం ఉండాలి, లేకపోతే తర్వాతి వానకు పైపు ఖాళీగా ఉండదు. పంపుకు ముందు 120 మెష్ (అంగుళానికి 120 కళ్లున్న) జాలీ చాలు. ఆర్వోలోని 5 మైక్రాన్ల క్యాండిల్ ఫిల్టరును పంపు పీల్చే వైపు పెడితే నాలుగు వానలకే మూసుకుని పంపు వేడెక్కుతుంది. నీలం డ్రమ్ములోంచి వెలుతురు దూరి పాచి పడుతుంది, పాచి ఫ్లోటును పట్టేస్తుంది, కాబట్టి బయట ముదురు రంగు వేయించండి. పురుగుమందులు, రసాయనాలు వచ్చిన డ్రమ్ములు తీసుకోం. ఈ నీళ్లు మొక్కలకూ, కడుగుడుకూ మాత్రమే, తాగడానికి కాదు.

దోమల జాలీని శుక్రవారం శుక్రవారం చూసుకోండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే పడుతుంది.

అక్టోబరు, నవంబరులో తుఫాను హెచ్చరిక వస్తే డ్రమ్ములు ఖాళీ చేయకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి ఎలా ఉందో ఈ ఊరికి చెప్పనక్కర్లేదు. ఖాళీ డ్రమ్ము పది కిలోలు కూడా ఉండదు, ఎగిరి పక్కింటి మీద పడుతుంది. కనీసం మూడో వంతు నీళ్లుంచి, గోడలోని హుక్కుకు నైలాన్ బెల్టుతో కట్టి, అడాప్టరు ప్లగ్ తీసేయండి. నిండిన డ్రమ్ము రెండు వందల కిలోలు దాటుతుంది కాబట్టి డాబా మధ్యలో కాకుండా బీము మీదో, కింద గోడ ఉన్న చోటో పెట్టించండి.

పాత సెట్లున్న తీరం వైపు ఇళ్లకు మే నెలలో వచ్చి జాయింట్లు మారుస్తాం, మిగతావాళ్లకు ఆ తర్వాతే. కొత్తగా పెట్టించుకునేవాళ్లు ఆర్వో తెచ్చేటప్పుడు అడాప్టరు మర్చిపోకండి. అది లేకపోతే కొత్తది కొనాల్సి వస్తుంది, ఆ ఖర్చు మీదే. పనికిరాని బోర్డులు మా దగ్గరే వదిలేయొచ్చు, రిజిస్టరైన ఈ-వేస్ట్ రీసైక్లర్‌కే పంపుతాం.