కనికట్టు గారడీవాడిదా, కత్తెరదా?

సంపాదకులకు,

అయ్యా,

వీధుల్లో చేసి టీవీల్లో చూపించే మ్యాజిక్ గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఆ ప్రదర్శనలను జనం అంత ఇష్టంగా ఎందుకు చూస్తున్నారో వ్యాసకర్త బాగానే చెప్పారు. నమ్మకం, అపనమ్మకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అంతా గ్రాఫిక్స్" అని కొట్టిపారేసేవాళ్లు ఒకవైపు, "ఆయనలో ఏదో శక్తి ఉంది" అని చేతులు జోడించేవాళ్లు మరొకవైపు అని రెండు ముక్కల్లో తేల్చేశారు. గుంటూరులో 32 ఏళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసుకుని బతుకుతున్నవాణ్ణి కాబట్టి, ఈ రెండు మాటలకూ మధ్యన ఏం జరుగుతుందో నాకు కొంత తెలుసు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

1970ల చివర, నా చిన్నతనంలో, జిన్నా టవర్ సెంటర్లో అప్పుడప్పుడు గారడీవాడు డోలు వాయించి జనాన్ని గుండ్రంగా నిలబెట్టేవాడు. ముందు పిల్లలం గొంతుక్కూర్చునేవాళ్లం, వెనక పెద్దవాళ్లు నిలబడేవాళ్లు. ఎవరూ చేతులు కట్టుకోవద్దనీ, మధ్యలో కదిలిపోతే రక్తం కక్కుకుంటారనీ బెదిరించి, మామిడి టెంకను మట్టిలో పాతి గుడ్డ కప్పేవాడు. గుడ్డ తీస్తే మొలక కనిపించేది. మళ్లీ కప్పి తీస్తే జానెడు మొక్క. అతను మమ్మల్ని ఎంత మాయ చేసినా మా కళ్లు మాత్రం మావే. అతను కుడిచేయి చూడమంటే ఎడమచేయి చూసే స్వేచ్ఛ మాకుండేది. పక్కకు జరిగి, మెడ చాచి, ఆ గుడ్డ అంచును పట్టి చూసే హక్కు ముందు వరుసలో ఉన్న ప్రతి పిల్లవాడికీ ఉండేది. అందుకేనేమో, తన వెనక చేరి నిలబడ్డవాణ్ణి మాత్రం "బాబూ, ముందుకు రా, అక్కడ ఎండ" అని మర్యాదగా పిలిచేవాడు. ఆట చివర "ఇందులో మంత్రం లేదు, తంత్రం లేదు, చేతివాటం బాబూ, పొట్టకూటి కోసం" అని తనే ఒప్పుకునేవాడు.

అలా ఒప్పుకున్న నోటితోనే వెంటనే తాయెత్తులు అమ్మేవాడనుకోండి. ఏడో తరగతి పరీక్షలకు ముందు అర్ధ రూపాయి పెట్టి నేనూ ఒకటి కొని జబ్బకు కట్టుకున్నాను. లెక్కల్లో తప్పిన తరువాత విప్పి చూస్తే, రేకు గొట్టంలో మడతపెట్టిన తెలుగు పత్రిక ముక్క ఒకటి ఉంది. అది మీ పత్రికదో మరొకరిదో ఇప్పుడు చెప్పలేను.

టీవీ సంగతికి వస్తాను. ఇప్పుడు అందరూ అనుకరిస్తున్న ఈ పద్ధతి 1997లో అమెరికాలో ఏబీసీ ఛానల్ ప్రసారం చేసిన డేవిడ్ బ్లెయిన్ అనే ఇంద్రజాలికుడి కార్యక్రమంతో స్థిరపడింది. అంతకుముందు టీవీ మ్యాజిక్ అంటే పెద్ద వేదిక, పొగ, మెరుపు బట్టలు, పెట్టెలో అమ్మాయి. బ్లెయిన్ మామూలు చొక్కాతో రోడ్డెక్కి, దారినపోయేవాళ్లను ఆపి, పేకముక్కలు తీశాడు. అతను చేసిన అసలు కొత్త పని పేకలో లేదు, కెమెరాను చూసేవాళ్ల ముఖాల మీదికి తిప్పడంలో ఉంది. ఒక మనిషి నోరు తెరిచి, రెండడుగులు వెనక్కి వేసి, పక్కవాడి భుజం పట్టుకుంటే, ఇంట్లో కూర్చున్న మనకు కూడా ఒళ్లు జలదరిస్తుంది. మా వృత్తిలో దీన్ని రియాక్షన్ షాట్ అంటాం. దాని బలం ఎంతో తెలియని ఎడిటర్ ఉండడు. ఈ ప్రదర్శనల మీద మోజును నేను తప్పు పట్టను. మనిషి ఆశ్చర్యపోతుంటే చూడటం హాయిగానే ఉంటుంది.

అదే కార్యక్రమంలో బ్లెయిన్ నేలమీది నుంచి గాలిలోకి లేచిన దృశ్యం ఉంది. దాని మూలం ఇంద్రజాలికులందరికీ తెలిసినదే. ఎడ్ బాల్డూచి అనే ఆయన 1974లోనే ఒక ఇంద్రజాల పత్రికలో దాన్ని వివరించారు కాబట్టి, ఇక్కడ చెబితే నేనెవరి పొట్టా కొట్టినట్టు కాదు. చూసేవాళ్లకు సుమారు 45 డిగ్రీల కోణంలో వీపు చూపించి నిలబడాలి. వాళ్లకు దూరంగా ఉన్న కాలి వేళ్ల మీద బరువంతా మోపి, దగ్గరగా ఉన్న పాదాన్నీ, దూరపు పాదం మడమనూ కలిపి ఒక్కసారిగా పైకి లేపాలి. బరువు మోస్తున్న ఆ వేళ్లను ముందున్న పాదం, ప్యాంటు అంచు కప్పేస్తాయి. లేచేది రెండు మూడు అంగుళాలు, అదీ నాలుగైదు సెకన్ల పాటే. మా మనవరాలు "తాతయ్యా, ఆయన నిజంగానే ఎగిరాడా?" అని అడిగితే, మోకాళ్ల నొప్పులతోనే వరండాలో గోడ పట్టుకుని రెండుసార్లు విఫలమై, మూడోసారి చేసి చూపించాను. ఆ పిల్ల అరిచిన అరుపుకు మా ఇంటావిడ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. ఆవిడ నిలబడ్డ గుమ్మం వైపు నుంచి మాత్రం నా వేళ్లు శుభ్రంగా కనిపించాయట.

అంటే వీధిలో చూసిన ఆ నలుగురూ కేకలు వేయడం నిజమే, వాళ్లలో నటన లేదు. అయితే వాళ్లు చూసింది ఆ రెండు మూడు అంగుళాలు. టీవీలో మనకు కనిపించిన ఎత్తు అంతకంటే చాలా ఎక్కువ. వేరే ఏర్పాటుతో విడిగా తీసిన దృశ్యాన్ని ఆ ముఖాల మధ్య అతికించారని తరువాత ఇంద్రజాలికులే రాశారు. ఒకటి చూసినవాళ్ల ఆశ్చర్యాన్ని తెచ్చి మరొకదానికి సాక్ష్యంగా పెట్టారన్నమాట.

ఈ పని నాకు కొత్త కాదు. చాలాకాలం క్రితం తెనాలి దగ్గర ఒక పెళ్లిలో, సరిగ్గా మాంగల్యధారణ వేళకు నా కెమెరా బ్యాటరీ అయిపోయింది. తప్పు పూర్తిగా నాదే, రెండో బ్యాటరీ ఛార్జింగులో పెట్టి మరిచిపోయాను. మార్చుకుని వచ్చేసరికి మూడో ముడి కూడా పడిపోయింది, అక్షింతలు గాలిలో ఉన్నాయి. ఎడిటింగులో కూర్చుని ఏం చేశానంటే, మేళగాళ్లు గట్టిమేళం వాయిస్తున్న షాట్, జనం అక్షింతలు చల్లుతున్న షాట్ వేసి, మధ్యలో పెళ్లికూతురు తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న షాట్ పెట్టాను. ఆ కన్నీళ్లు నిజానికి సాయంత్రం అప్పగింతలప్పటివి. తరువాత తలంబ్రాల దగ్గర పెళ్లికొడుకు చేతులు దగ్గరగా తీసినవి ఒక సెకను కలిపాను. క్యాసెట్ ఇచ్చిననాడు పదిమంది కూర్చుని చూశారు. తాళి కట్టిన దృశ్యం లేదని ఒక్కరూ గమనించలేదు. పైగా ఆ తల్లి "మూడు ముళ్లు పడేటప్పుడు నాకు ఏడుపు ఆగలేదు నాయనా, భలే పట్టావు" అని నన్ను మెచ్చుకుంది. ఆవిడ అబద్ధమాడలేదు. నేను వేసిన వరుసే ఆవిడ జ్ఞాపకంలో నిజమై కూర్చుంది. కెమెరా ముందు కూర్చుని ఎవరైనా "అక్కడున్నవాళ్లను అడగండి, కళ్లారా చూశారు" అంటే నాకు ఆ తల్లే గుర్తొస్తుంది.

కట్ చేయకుండా చూపిస్తే సరిపోతుందని ఎవరైనా అనవచ్చు. అదీ పూర్తిగా సరిపోదు. డెరెన్ బ్రౌన్ అనే ఇంగ్లండు ప్రదర్శకుడు 2008లో టీవీలో ఒక నాణేన్ని వరుసగా 10 సార్లు ఎగరేస్తే 10 సార్లూ బొమ్మే పడింది. ఆ షాట్‌లో కట్ లేదు, నాణెంలో మోసం లేదు. ఆ వరుస పడేదాకా 9 గంటలకు పైగా ఎగరేస్తూనే చిత్రీకరించామని ఆ కార్యక్రమంలోనే ఆయన బయటపెట్టాడు. 1,024లో ఒకసారికి మాత్రమే అవకాశం ఉన్న వరుస అది. ఓపిక ఉంటే ఎవరికైనా పడుతుంది, పడనివన్నీ పారేస్తే చాలు. ఆయన చెప్పాడు గనుక మనకు తెలిసింది. "ఇందులో కెమెరా మాయ ఏమీ లేదు" అని తెర మీద వేసే వాక్యం అక్షరాలా నిజమై ఉండి కూడా మనల్ని ఎలా పక్కదారి పట్టించగలదో దీన్ని బట్టి చూడండి.

పత్రికలేమీ వెనకబడలేదని కూడా ఇక్కడ చెప్పక తప్పదు. ఆకాశంలోకి తాడు విసిరి, దానిమీద పిల్లవాణ్ణి ఎక్కించి మాయం చేసే మన దేశపు తాడు గారడీ గురించి ప్రపంచమంతా చెప్పుకోవడానికి ముఖ్యకారణం 1890 ఆగస్టులో చికాగో ట్రిబ్యూన్ పత్రిక వేసిన కథనం. ఇద్దరు యువకులు ఆ గారడీ చూశారని, ఒకడు చేత్తో గీసిన బొమ్మలో తాడూ పిల్లవాడూ ఉన్నారని, రెండోవాడు కెమెరాతో తీసిన ఫొటోలో మాత్రం గారడీవాడు తప్ప ఏమీ లేదని, కాబట్టి అదంతా సమ్మోహనమేనని, అంటే హిప్నాటిజమేనని అందులో రాశారు. కొన్ని నెలల తరువాత అది కల్పితమని అదే పత్రిక ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు ఎవరికీ చేరలేదు, కథ మాత్రం దేశాలు తిరిగింది. ఆ రోజుల్లో కల్పించినవాళ్లు కూడా కెమెరా అబద్ధం చెప్పదనే నమ్మకం మీదే కథ నడిపారు. ఎడిటర్ అన్న మాట మీకూ నాకూ ఒకటే కావడం నాకు అప్పుడప్పుడు నవ్వు తెప్పిస్తుంది.

ఇంతా చెప్పి, "అంతా గ్రాఫిక్స్" అనేవాళ్ల పక్షం చేరుతున్నానని అనుకోవద్దని మనవి. వాళ్ల మీద నాకు ఇంకా ఎక్కువ కోపం. నాకు తెలిసిన ఒక కుర్రవాడు, ఇంజినీరింగ్ చదువుతూ, రెండేళ్లుగా రూపాయి బిళ్లను అరచేతి కండల మధ్య బిగించి చేయి ఖాళీగా కనిపించేలా సాధన చేస్తున్నాడు. సిటీ బస్సులో నిలబడి చేస్తాడు, భోజనం చేస్తూ ఎడమచేత్తో చేస్తాడు. ఆ చేతిలో బిళ్ల అచ్చు పడి చర్మం గట్టిబడింది. ఒకరోజు ప్రకాశం బ్యారేజీ దగ్గర వాడి ప్రదర్శనను నేనే తీశాను. ఒక్క కట్ కూడా లేకుండా, చేతులు ఫ్రేము దాటకుండా, మూడు నిమిషాలు. అది చూపిస్తే వాడి స్నేహితులందరూ అన్న మాట ఒకటే: "నీకేంరా, ఎడిటర్ మామయ్య ఉన్నాడుగా." రెండేళ్ల కష్టం నా పేరు మీద పోయింది. కత్తెరతో అద్భుతాలు చేసేవాళ్లు ఎక్కువైనకొద్దీ, చేత్తో చేసేవాడి మాటకు విలువ లేకుండా పోతోంది. 1956లో మన ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ బీబీసీ టీవీ పనోరమా కార్యక్రమంలో అమ్మాయిని రంపంతో కోసి, ఆమె లేచే సమయానికి వేళ మించిందని ప్రసారం ముగించేస్తే, ఆమె చచ్చిపోయిందేమోనని జనం ఫోన్లు చేశారు. ఇప్పుడు అలాంటిది చూపిస్తే ఫోను తీసేవాడెవడు?

"ఏదో శక్తి ఉంది" అనే మాట దగ్గర మాత్రం సరదా పక్కన పెట్టాలి. మన టీవీల్లో పొద్దున్నే వచ్చే ప్రాయోజిత కార్యక్రమాల్లో యంత్రాలు, కవచాలు, తాయెత్తులు అమ్ముతున్నారు. వాటిని వాడి బాగుపడ్డామని చెప్పేవాళ్ల ముఖాలు చూపిస్తారు. అవీ రియాక్షన్ షాట్లే. జిన్నా టవర్ దగ్గరి గారడీవాడు ఆట అయ్యాక అమ్మిన సరుకే ఇది. తేడా ఏమిటంటే, అతను ముందు ఆట చూపించి చేతివాటమని ఒప్పుకుని అమ్మాడు, వీళ్లు ఆటా లేకుండా, ఒప్పుకోలూ లేకుండా అమ్ముతున్నారు. తాయెత్తు, మంత్రం, కవచంతో చట్టం పేర్కొన్న జబ్బులు నయమవుతాయని ప్రకటించడం 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం నేరం. మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు ప్రసారం చేయకూడదని 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. మన పక్కనే విజయవాడ పటమటలో గోరా గారి నాస్తిక కేంద్రం వారు నిప్పుల మీద నడిచి, చూడవచ్చినవాళ్లను కూడా నడవమని పిలిచారు. కట్టెబొగ్గు వేడిని నెమ్మదిగా ఇస్తుంది, అడుగు క్షణంలో లేస్తుంది, కాబట్టి తడబడకుండా నడిస్తే మామూలుగా కాలదు. ఈ సంగతి విన్నవాడికన్నా నడిచినవాడికి బాగా అర్థమవుతుంది. టీవీ మనల్ని నడవనివ్వదు, వెనక నిలబడనివ్వదు.

అందుచేత, వీధి మ్యాజిక్ కార్యక్రమాలు చూపించే ఛానళ్లు ఎన్నిసార్లు ప్రయత్నిస్తే ఈ దృశ్యం దొరికిందో, చూసేవాళ్ల ముఖాలు అదే ప్రదర్శనవో కావో చివర రెండు వాక్యాల్లో వేస్తే చాలునని నా సూచన. ఉపాయం ఎవరూ బయటపెట్టనక్కర్లేదు. మీ పత్రిక కూడా, ఇలాంటి ప్రదర్శనల గురించి రాసేటప్పుడు "గాలిలో తేలాడు" అని శీర్షిక పెట్టే బదులు "తేలినట్టు చూపించాడు" అని పెడితే అక్షరాలు నాలుగు పెరుగుతాయేమో గాని నష్టమేమీ లేదు.

నేను చెప్పిన కుర్రవాడు ఇప్పుడు వీడియోలు మానేశాడు. ఆదివారం సాయంత్రాలు అరండల్‌పేటలో ఒక టీకొట్టు ముందు బల్ల వేసుకుని, టీ తాగడానికి వచ్చినవాళ్లకు బిళ్లలు మాయం చేసి చూపిస్తున్నాడు. ఫోన్లు జేబులో పెట్టుకోమని మాత్రం అడుగుతాడు. మీ వ్యాసకర్తకు వీలైతే ఒకసారి రమ్మని నా ఆహ్వానం. వెనకవైపు నిలబడి చూసినా తనకు అభ్యంతరం లేదని చెప్పమన్నాడు.

భవదీయుడు,
ఒక వీడియో ఎడిటర్,
అరండల్‌పేట, గుంటూరు